బెల్టు సరే, కొక్కెం దేనికి?

2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు పంచారు. తాళ్లు, క్లిప్పులు, స్లింగులు, కాళ్లకు లూపులు, చేతికి హ్యాండిల్. కొండలెక్కేవాళ్లు వాడే సరంజామాను తాటిచెట్టుకు తగినట్టు మలిచి ఇచ్చారు. కాలు జారినా మనిషి చెట్టును విడిచి కిందికి పోకుండా ఆపడమే దాని పని. మోకు, ముత్తాదులతో తరాలుగా చెట్టెక్కినవాళ్లకు కొత్త సామాను చేతికి అలవాటు కావాలి కనుక శిక్షణ కూడా పెట్టారు. ఆ పథకం అమలులో లోటుపాట్లు ఎన్నయినా వెతకవచ్చు. వెనకున్న ఆలోచన మాత్రం సరైనది. ముందు చెట్టును చూశారు, ఎక్కే మనిషి ఎలా కదులుతాడో చూశారు, ఆ తర్వాతే పరికరం దగ్గరికి వచ్చారు.

అక్కడి నుంచి విజయవాడ రహదారి మీదుగా హయత్‌నగర్, వనస్థలిపురం దాటి ఎల్బీనగర్ చౌరస్తాకు వస్తే ఈ వరస తలకిందులవుతుంది. ఇక్కడ కట్టడం పనికి ముందుగా వెళ్లేది దుకాణానికి. నాలుగు హెల్మెట్లు, నాలుగు ‘సేఫ్టీ బెల్టులు’ తెస్తారు. పనివాడి నడుముకో భుజాలకో తగిలిస్తారు. ఫొటో తీస్తారు. ఆ బెల్టు కొక్కెం దేనికి తగిలించాలో మేస్త్రీకి తెలియదు, తెచ్చిన కాంట్రాక్టరుకూ తెలియదు, అమ్మినవాడు చెప్పడు. చాలాసార్లు ఆ కొక్కెం పనివాడి వీపు మీదే వేలాడుతూ ఉంటుంది.

ఎత్తు మీద పనికి రక్షణ సామగ్రి ఎంచుకోవడం అంటే బెల్టు ఎంచుకోవడం కాదు. బెల్టు ఆ గొలుసులో చివరి ముక్క. ఏ పని, ఎంత ఎత్తు, కింద ఎంత ఖాళీ, పైన పట్టు ఏది, పడితే దించేది ఎవరు అనే ప్రశ్నలకు జవాబు దొరికాక మిగిలేది బెల్టు. తూర్పు హైదరాబాద్‌లో కడుతున్న ఇళ్ల తీరు చూస్తే ఈ ప్రశ్నలు ఇక్కడ మరింత ముఖ్యం.

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో పెద్ద పనులకు కొదవ లేదు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలైంది. చౌరస్తా చుట్టూ ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు లేచాయి. ఒకప్పుడు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్నచోట టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన చేశారు. ఇలాంటి చోట్ల సేఫ్టీ అధికారి ఉంటాడు, రిజిస్టర్లు ఉంటాయి, తనిఖీ ఉంటుంది. లోపాలు జరిగితే పత్రికల్లోనూ వస్తాయి. కానీ ఈ ప్రాంతపు అసలు నిర్మాణం గల్లీల్లో జరుగుతుంది. కొత్తపేటలో రెండొందల గజాల్లో మూడంతస్తుల ఇల్లు, చైతన్యపురిలో పాత ఇంటి మీద ఇంకో అంతస్తు లేపిన హాస్టల్, సరూర్‌నగర్ వైపు అపార్టుమెంటుకు రంగులు. అడ్డా మీద పొద్దున దొరికిన నలుగురు కూలీలు, ఒక సెంట్రింగ్ మేస్త్రీ, ఒక పెయింటర్. వీళ్లకు ఏది సరిపోతుందన్నది ఎవరూ కూర్చుని లెక్క కట్టరు.

ఆ లెక్క ఒకసారి కట్టి చూద్దాం. మార్కెట్లో ఎక్కువగా దొరికేది ఒంటినిండా కట్టుకునే హార్నెస్, దాని వెనక రెండు మీటర్ల తాడు, తాడుకు కుదుపు తగ్గించే ప్యాక్. మనిషి పడినప్పుడు ఆ ప్యాక్ కుట్లు విప్పుకుంటూ సాగుతుంది. అందువల్ల ఒంటి మీద పడే దెబ్బ 6 కిలోన్యూటన్లు దాటదు. యూరోపియన్ ప్రమాణం ప్రకారం ఆ సాగుదల 1.75 మీటర్ల దాకా ఉండవచ్చు. తాడు పొడవు 2 మీటర్లు, సాగేది 1.75, హార్నెస్ వెనక రింగు నుంచి పాదాల దాకా సుమారు 1.5, ఆ పైన జాగ్రత్తకు 1 మీటరు. కలిపితే 6.25 మీటర్లు. కొక్కెం తగిలించిన చోటి నుంచి కిందికి అంత ఖాళీ ఉంటేనే ఆ పరికరం మనిషిని నేలకు తగలకుండా ఆపుతుంది.

మన గల్లీ ఇంట్లో ఒక్కో అంతస్తు దాదాపు మూడు మీటర్లు. మొదటి స్లాబు మీద నిలబడి పాదాల దగ్గర ఊచకు కొక్కెం వేస్తే కింద ఉన్నది మూడే మీటర్లు. తాడు బిగుసుకునేలోపే మనిషి నేల మీద ఉంటాడు. రెండో స్లాబు ఆరు మీటర్ల ఎత్తు. అక్కడ కూడా పాదాల దగ్గర కడితే జాగ్రత్త కోసం పెట్టుకున్న ఆ ఒక్క మీటరు పూర్తిగా దక్కదు. మధ్యలో కింది అంతస్తు సజ్జ ముందుకు వచ్చి ఉంటే లెక్క ఇంకా పాడవుతుంది. మూడు మీటర్లే కదా అనుకునేవాళ్లకు మరో అంకె. అంత ఎత్తు నుంచి పడటానికి సెకను కూడా పట్టదు, నేలను తాకేసరికి వేగం గంటకు 27 కిలోమీటర్లు దాటుతుంది.

ఇక్కడే ఒక విడ్డూరం కనిపిస్తుంది. 2020 నవంబర్‌లో వచ్చిన టీఎస్ బీపాస్ విధానం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాకా ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణతోనే తక్షణ అనుమతి ఇచ్చింది. అనుమతుల అవినీతి తగ్గించడానికి అది మంచి పనే. అయితే హార్నెస్, తాడు పెట్టుకున్నా బతుకుతామని నమ్మకం లేని ఎత్తు ఆ 10 మీటర్ల లోపే. ముప్పై అంతస్తుల భవనం కంటే మూడంతస్తుల ఇంటికి పరికరం ఎంచుకోవడం కష్టం. ఆ కష్టాన్ని మనం అడ్డా కూలీకి, ఇంటాయనకు అప్పగించాం.

మరి ఆ ఎత్తులో ఏం చేయాలి? పడ్డాక పట్టుకునే సామాను కంటే పడనివ్వని ఏర్పాటు మీద డబ్బు పెట్టాలి. స్లాబు అంచు చుట్టూ నడుము ఎత్తు రెయిలింగ్, మధ్యలో ఇంకో కడ్డీ, అడుగున ఇటుకలు, సుత్తులు జారకుండా ఒక పలక. లిఫ్ట్ గుంతకు కదలకుండా బిగించిన మూత. ఉత్త ప్లైవుడ్ ముక్క కప్పితే అది మూత కాదు, కింద గుంత ఉందన్న సంగతిని దాచే తెర. సెంట్రింగ్ పనికి అయితే గోవ అని మన మేస్త్రీలు పిలిచే పరంజాను స్లాబు మట్టానికి ఒక మెట్టు పైదాకా, ఇంటి చుట్టూ లేపాలి. అప్పుడది నిలబడే చోటుగానూ, అంచు దగ్గర రెయిలింగ్‌గానూ పనికొస్తుంది. సర్వీ కర్రల కంటే ఇనుప పైపులు, క్లాంపులు ఇందుకు మేలు. అద్దె ఎక్కువే. కానీ ఆ పరంజా మీద పనిచేసే పదిమందినీ కాపాడుతుంది. హార్నెస్ కాపాడేది వేసుకున్న ఒక్కడినే, అదీ సరిగ్గా వేసుకుంటే.

రెయిలింగ్ వీలుకాని చోట తాడు వాడాలి. ఆ తాడు పడ్డాక పట్టేది కాకుండా అంచుకే పోనివ్వనిది కావాలి. అంచు నుంచి నాలుగు మీటర్లు లోపలికి ఉన్న పిల్లర్‌కు మూడు మీటర్ల తాడు కడితే మనిషి అంచు దాటలేడు. పడిపోవడమే లేదు కాబట్టి కింద ఎంత ఖాళీ ఉందన్న బెంగ లేదు. పైకప్పు మీద ట్యాంకు శుభ్రం చేసేవాడికి, సోలార్ పలకలు తుడిచేవాడికి ఇది చాలు. అంతకు మించి అంచు మీదే పని ఉంటే, తల మీద గట్టి పట్టు దొరికితే, చుట్టుకునే బ్లాకు వాడవచ్చు. కారు సీటు బెల్టు లాగా అది మనిషితోపాటు సాగుతుంది, హఠాత్తుగా లాగితే బిగుస్తుంది. తాడు వదులుగా వేలాడదు కనుక పడే దూరం తక్కువ. కాకపోతే స్లాబు పదునైన అంచు మీద ఒరుసుకుంటే తెగే రకాలూ ఉన్నాయి. కొనేటప్పుడు అంచు మీద వాడటానికి పరీక్షించినదేనా అని అడగాలి.

పట్టు గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. బెల్టు ఎంత గొప్పదైనా అది కట్టిన వస్తువంత గట్టిదే. పడుతున్న మనిషి బరువు అతని తూకం కాదు, దానికి ఎన్నో రెట్లు. అందుకే అమెరికా నిబంధనలు ఒక్కో మనిషికి కట్టే పట్టు 5,000 పౌండ్లు, అంటే రెండు టన్నుల పైచిలుకు బరువు తట్టుకోవాలంటాయి. లేదంటే అర్హుడైన ఇంజినీరు లెక్క కట్టి దెబ్బకు రెట్టింపు బలం చూపించాలి. మన డాబాల మీద కొక్కెం తగిలించే వస్తువులను ఈ కొలతతో చూడండి. నాలుగంగుళాల ఇటుక పిట్టగోడ, ట్యాంకు పైపు, డిష్ టీవీ స్టాండు, ఏసీ బ్రాకెట్టు, బట్టలు ఆరేసే ఇనుప కడ్డీ. వీటిలో ఒక్కటీ ఆ పరీక్షకు నిలవదు. కాంక్రీటు పిల్లరు చుట్టూ వేసిన మంచి స్లింగు చాలావరకు నిలుస్తుంది. అంత తేడా ఉన్నా రెండూ ఒకే డాబా మీద అడుగు దూరంలో ఉంటాయి.

పట్టే కూలిపోతే ఏమవుతుందో ఎల్బీనగర్ చూసింది. 2023 జూన్ 21 తెల్లవారుజామున సాగర్ రింగ్ రోడ్డు దగ్గర కడుతున్న ఫ్లైఓవర్ ర్యాంపు కూలి పలువురు కార్మికులు గాయపడ్డారు. కాంక్రీటు పోస్తున్న సెంట్రింగ్‌కే తాడు కట్టుకున్నవాడిని, ఆ సెంట్రింగ్ కూలితే, ఏ బెల్టూ కాపాడదు. పోతపోసే పనిలో పట్టు ఎప్పుడూ పోతకు సంబంధం లేని నిర్మాణానికి ఉండాలి.

ఇక ఝూలా మీద పెయింటర్. అపార్టుమెంటుకు రంగు వేసేటప్పుడు పైనుంచి తాడు దింపి, పలక మీద కూర్చోబెట్టి కిందికి వదులుతారు. దగ్గరగా చూస్తే తాడు నైలాన్‌ది, పై అంతస్తు పిట్టగోడ అంచు మీద వంగి ఒరుసుకుంటూ ఉంటుంది. అంచు దగ్గర ఒక గోనెసంచి మడిచి పెట్టి ఉంటే జాగ్రత్తపరుడనుకోవాలి. పెయింటరు ఒంటి మీద హార్నెస్ ఉన్నా, దాని కొక్కెం పలకను మోస్తున్న అదే తాడుకు ఉంటుంది. ఆ తాడు తెగితే పలక, మనిషి, హార్నెస్ మూడూ కలిసే పోతాయి. ఈ పనికి కావలసింది ఇంకో తాడు, దానికి వేరే పట్టు, దాని మీద మనిషితోపాటు జారుతూ, పడితే బిగుసుకునే గ్రిప్పు. రెండు తాళ్లు రెండు వేర్వేరు చోట్ల కట్టాలి. రంగులో కలిపే థిన్నరు, ఎండ, గోడకు ఒరిపిడి ఇవన్నీ తాడునూ హార్నెస్ పట్టీలనూ లోపల్నుంచి తింటాయి. అందుకే పాత హార్నెస్‌ను చేత్తో వంచి చూడాలి. నూలు పీచులు లేచినా, రంగు పాలిపోయినా, కుట్టు ఊడినా, లేబుల్ చెరిగిపోయినా పక్కన పడేయాలి. ఒకసారి పడిన మనిషిని ఆపిన సామగ్రి చూడటానికి కొత్తగా ఉన్నా మళ్లీ వాడకూడదు.

నడుముకు కట్టే బెల్టు సంగతి తేల్చేయవచ్చు. పడుతున్న మనిషిని అది ఆపుతుంది, కానీ ఆ కుదుపు మొత్తం పొట్ట మీద, వెన్ను మీద పడుతుంది. అమెరికా 1998 జనవరి 1 నుంచి పడేవారిని ఆపడానికి నడుము బెల్టు వాడటాన్ని నిషేధించింది. మన దగ్గర ఐఎస్ 3521 ప్రమాణం కింద ఒంటినిండా కట్టే హార్నెస్‌లు దొరుకుతున్నాయి. అయినా కొన్ని వందలు తక్కువని నడుము బెల్టు కొంటున్నారు. కొనేటప్పుడు ఐఎస్ అంకె, తయారీ తేదీ, వరస సంఖ్య ఉన్న లేబుల్ చూడాలి. పరంజా ఎక్కిదిగే పనికి రెండు పాయల తాడు తీసుకోవాలి. ఒక కొక్కెం తీసేటప్పుడు ఇంకోటి తగిలి ఉంటుంది. హెల్మెట్‌కు గడ్డం పట్టీ లేకపోతే పడేటప్పుడు తల నేలను తాకకముందే అది ఊడిపోతుంది.

హార్నెస్ పట్టుకుంది, మనిషి గాలిలో వేలాడుతున్నాడు. తర్వాత? ఈ ప్రశ్న చాలా సైట్లలో ఎవరికీ తట్టదు. కదలకుండా వేలాడే మనిషి కాళ్లలో రక్తం నిలిచిపోయి స్పృహ తప్పుతాడు. అరగంట లోపే ప్రాణం మీదికి రావచ్చు. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోకి అగ్నిమాపక వాహనం రావడానికి సాయంత్రం పూట ఎంతసేపు పడుతుందో ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. కాబట్టి దించే ఏర్పాటు సైట్లోనే ఉండాలి. పై అంతస్తు కిటికీ నుంచి లాగగలరా, నిచ్చెన అందుతుందా, ఆ పని ఎవరిది అన్నది పని మొదలుపెట్టకముందే తేలాలి. అది తేలకపోతే హార్నెస్ వాడే పనే పెట్టుకోకూడదు.

పైనుంచి పడేది మనిషే కానక్కర్లేదు. 2019 సెప్టెంబర్ 22న అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద వాన నుంచి తప్పించుకోవడానికి నిలబడిన యువతి, పైనుంచి ఊడిన పెచ్చు తగిలి చనిపోయింది. హాస్టళ్లు, కోచింగ్ సెంటర్ల మధ్య పరంజా కట్టినప్పుడు కింద నడిచేవాళ్లు వందల్లో ఉంటారు. చేతి పనిముట్టుకు చిన్న తాడు, అంచుకు అడ్డుపలక, పరంజా చుట్టూ వల, కింద దారి మళ్లింపు. ఇవీ ఎత్తు మీది రక్షణ సామగ్రి లెక్కలోకే వస్తాయి.

చట్టం ఏమంటోంది? 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం పదిమంది లోపు పనివాళ్లున్న చోటును, పది లక్షల లోపు ఖర్చయ్యే సొంత ఇంటిని తన పరిధిలోంచి వదిలేసింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఆ పది లక్షలను యాభై లక్షలు చేసింది. పదిమంది పరిమితి అలాగే ఉంది. ఇంకోవైపు, ఇదివరకు 500 మంది కార్మికులుంటే తప్పనిసరైన సేఫ్టీ అధికారిని ఇప్పుడు 250 మంది ఉన్నా పెట్టాలి. పెద్ద సైటుకు కట్టు బిగిసింది, గల్లీ ఇంటికి వదులైంది. ధరలు పెరిగాయి కనుక పరిమితి పెంచామన్న వాదనలో నిజం లేకపోలేదు. కానీ పడేవాడి ఎముకలకు నిర్మాణ వ్యయంతో సంబంధం లేదు. యాభై లక్షల లోపు ఇల్లు అంటే కొత్తపేటలో, నాగోల్‌లో, కర్మన్‌ఘాట్‌లో రోజూ లేచే ఇల్లే.

ప్రమాదం జరిగాక వచ్చే మాట ఒకటే: బెల్టు పెట్టుకోలేదు. పోలీసులు అదే రాసుకుంటారు, మేమూ పత్రికల్లో అదే వేస్తాం. బెల్టు పెట్టుకుని ఉంటే దేనికి కట్టేవాడన్నది అడగం. ఈ ఒక్క మాటతో నేరం చనిపోయినవాడి మీదికి పోతుంది, పట్టు ఏర్పాటు చేయని యజమాని, కాంట్రాక్టరు, డ్రాయింగు గీసిన ఇంజినీరు ముగ్గురూ బయటపడతారు.

ఎత్తునే తప్పించగలిగితే అన్నిటికంటే మేలు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్‌లో నేల నుంచి 15 అడుగుల పైన ప్రకటన బోర్డులు వద్దంది. ఉద్దేశం నగర భద్రత, అందం. ఫ్లెక్సీ కట్టే కుర్రాళ్ల గురించి ఎవరూ ఆలోచించి ఉండరు. అయినా ఆ నిబంధన పాటించినచోట వాళ్ల ప్రాణాలకు ఏ హార్నెస్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లకూ ఇదే నియమం కావాలి. నాలుగో అంతస్తు బయటి గోడకు, కిటికీలోంచి సగం ఒళ్లు బయటపెడితే గానీ అందని చోట బిగిస్తున్నారు. బాల్కనీలో చేయి అందేచోట పెడితే మెకానిక్‌కు తాడుతో పనే ఉండదు. ఇది ఇల్లు గీసే రోజు తీసుకోవాల్సిన నిర్ణయం.

నగరపాలక సంస్థ చేయగలిగిన పనీ ఉంది. అనుమతి దరఖాస్తులో పార్కింగు, ఇంకుడు గుంత అడుగుతున్నట్టే డాబా మీద శాశ్వత పట్టు ఎక్కడ పెడుతున్నారో అడగాలి. రేపు రంగు వేసేవాడికి, ఎల్లుండి ట్యాంకు కడిగేవాడికి, పదేళ్ల తర్వాత పగుళ్లు పూడ్చేవాడికి అదే ఆధారం. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలవుతూనే ఉంది. చనిపోయాక కుటుంబానికి సాయం చేసే ఆ నిధిలో కొంత, సర్కిల్‌కు ఒక అద్దె కేంద్రానికి పెడితే చాలు. రెండు తాళ్ల ఝూలా సెట్టు, రెయిలింగ్ గొట్టాలు, చుట్టుకునే బ్లాకు రోజు అద్దెకు దొరికితే చిన్న మేస్త్రీ కొనాల్సిన పని లేదు. తాటిచెట్టుకు కిట్టు తయారుచేయించగలిగిన ప్రభుత్వానికి ఇది భారం కాదు.

ఇల్లు కడుతున్నవారికి ఒక మాట. స్లాబు వేసే ముందు మీ ఇంజినీరును డాబా మీద, పిల్లరు తలల దగ్గర, కనీసం రెండు చోట్ల ఇనుప రింగులు కాంక్రీటులోనే పాతేలా డ్రాయింగులో చూపించమనండి. ఎంత బరువు తట్టుకుంటాయో ఆ డ్రాయింగు మీదే రాయమనండి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా కాంక్రీటు కలిపే మిల్లర్ తెప్పించకండి.